పద్నాలుగుకీ ఇరవైమూడుకీ మధ్య

నిమోల్‌కి నీళ్ళంటే భయం. స్నానానికి కూడా చెంబే గానీ తొట్టి వైపు వెళ్ళదు. అలాంటి మనిషిని జిల్లా గణాంకాల ఆఫీసు వాళ్ళు సరస్సు మీద తేలే ఊరికి సర్వేకి పంపారంటే, ఆఫీసు మొత్తం మీద ఫారాలు నిజంగా నింపుకొచ్చే మనిషి ఆమె ఒక్కతే కాబట్టి పంపారు. అంతకు ముందు ఏడాది వెళ్ళినాయన ఒడ్డున నూడుల్స్ బల్ల దగ్గరే కూర్చుని, ఊళ్ళో అందరి జవాబులూ తనే రాసుకొచ్చేశాడు. ఆ కాగితాల ప్రకారం ప్రెక్ కంతేల్ ఊళ్ళో ఒక్కో మనిషీ వారానికి సరిగ్గా ఏడు కిలోల చేప తిన్నట్టు తేలింది, పాలు తాగే పిల్లలతో సహా. పైవాళ్ళకి అనుమానం వచ్చింది. అందుకని జూన్ నెలలో ఒక ఉదయం నిమోల్ నారింజరంగు లైఫ్ జాకెట్ మెడ దాకా బిగించుకుని, రిన్ పిన్ని పడవలో బిగుసుకు కూర్చుంది.

రిన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఆమెది నూడుల్స్ అమ్మే పడవ. పైన తాటాకు కప్పు, మధ్యలో పొయ్యి, పొయ్యి వెనక పరుపు. మొగుడు పోయాక రేవులో ఉన్న ఇల్లు కొడుక్కి వదిలేసి ఆ పడవలోనే వండుతుంది, పడవలోనే అమ్ముతుంది, పడవలోనే పడుకుంటుంది.

"అమ్మాయ్, ఆ పడవ అంచు అంత గట్టిగా పట్టుకోకు, ఊడొచ్చేస్తుంది," అంది రిన్.

"ఇక్కడ లోతెంత పిన్నీ?"

"నీ మోకాళ్ళ దాకా ఉంటుంది. ఎండాకాలం కదా."

నిమోల్ పట్టు సడలించలేదు.

ఊరంటే డెబ్బై రెండు ఇళ్ళు. వెదురు మోపుల మీద, ఖాళీ డ్రమ్ముల మీద తేలుతూ కాలవ పొడుగునా తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. ఒక్కో ఇంటి ముందు స్తంభం మీద నీలం రంగుతో నంబరు. ఆ డెబ్బై రెంట్లో ఆరు ఇళ్ళు నిమోల్ చేతిలో ఉన్న జాబితాలో ఉన్నాయి: మూడు, పద్నాలుగు, ఇరవైమూడు, ముప్పై ఎనిమిది, యాభై ఒకటి, అరవై ఆరు. రాజధానిలో ఎవరో చదువుకున్నవాళ్ళు ఇళ్ళన్నిటినీ గుండ్రంగా పేర్చి, పక్కపక్క ఇళ్ళు రెండూ ఎన్నడూ కలిసి రాకుండా చీట్లు తీసే పద్ధతి ఒకటి కనిపెట్టారు. ఈ ఆరు ఇళ్ళనే జూన్‌లో ఒకసారి, మళ్ళీ నవంబరులో ఒకసారి అడగాలి. జవాబులిచ్చినందుకు ఒక్కో ఇంటికీ ఒక బకెట్టు, నాలుగు సబ్బులు.

గ్రామపెద్ద యిమ్ తాత ఇంట్లో చాప మీద కూర్చుని నిమోల్ ఈ సంగతంతా విడమర్చి చెప్పింది. చెప్పకుండా ఉండుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అడిగినదానికి సగం చెప్పి ఊరుకోవడం ఆమెకి చేతకాదు.

"మా పక్కింటికి బకెట్టు వచ్చింది, మాకెందుకు రాలేదు?" అని నాలుగో నంబరింటాయన గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆయన వెనక ఇంకో పది పడవలు ఆగి ఉన్నాయి.

"అన్నం ఉడికిందో లేదో చూడాలంటే కుండలో మెతుకులన్నీ పిసుకుతామా అన్నా?" అంది నిమోల్. "ఒకటి రెండు పట్టుకుంటే చాలు. అవైనా పక్కపక్కనే ఉన్నవి రెండు పట్టుకుంటే ఏం లాభం? ఒకటి అంచున పట్టుకోవాలి, ఒకటి అడుగున పట్టుకోవాలి. పక్కింటివాళ్ళు ఒకే వలలో చేప తింటారు. ఒకళ్ళని అడిగాక రెండోవాళ్ళని అడిగినా అదే జవాబు."

"మేం వాళ్ళ వలలో చేప తినం. వాళ్ళతో మాట్లాడి మూడేళ్ళయింది," అన్నాడు నాలుగో నంబరాయన.

యిమ్ తాతకి అరవై ఏడేళ్ళు. ముద్ర ఉన్న కాగితం చూస్తే మనిషి ఠక్కున నిటారుగా అయిపోతాడు. వక్క దవడకి నెట్టి, నోటు పుస్తకం తెరిచి అడిగాడు.

"అయితే అమ్మా, ఈ ఆరు ఇళ్ళూ పక్కపక్కన ఉండకూడదు. అంతేనా?"

"అంతే తాతా. ఉండకూడదు."

"ఎప్పటి దాకా?"

"నవంబరులో నేను మళ్ళీ వచ్చేదాకా ఇవే ఇళ్ళు."

ఆయన నోటు పుస్తకంలో రాసుకుని, కింద గీత గీసి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు. లెక్క సరిగా రాసుకుంటున్నాడని నిమోల్ సంతోషించింది కూడా.

పద్నాలుగో నంబరు ఖెంగ్ ఇల్లు. ఖెంగ్‌కి యాభై ఒక్కేళ్ళు. చేపల్ని ఉప్పులో మాగబెట్టి ప్రహోక్ చేసి అమ్ముతుంది. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఇంటి నిండా జాడీలు. నిమోల్ వాటి మధ్యన లైఫ్ జాకెట్‌తోనే ఇరుక్కుని కూర్చుని ఫారం తీసింది.

"ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారక్కా?"

"ఒకటిన్నర."

"అరేంటక్కా?"

"మధ్యాహ్నం మోల్ వచ్చి తింటాడు. రాత్రి తినడు. మరి అరేగా?"

"ఫారంలో అర రాసే గడి లేదు."

"లేకపోతే నేనేం చెయ్యను చెల్లీ. ఉన్నది చెప్పాను."

ఇరవైమూడో నంబరుకి వెళ్తే మోల్ మొసళ్ళకి చేపపిల్లలు వేస్తున్నాడు. ఇంటి కింద కర్రల బోనులో పదిహేడు మొసళ్ళు. యాభై అయిదేళ్ళ మనిషి. పెదవి కదిలిందా లేదా అన్నట్టు మాట్లాడతాడు. ఎడమచేతికి చిటికెనవేలు లేదు.

"ఇంట్లో ఎంతమంది అన్నా?"

"అర."

నిమోల్ కలం ఆగిపోయింది.

"మిగతా అర ఖెంగ్ దగ్గర చెప్పే ఉంటుంది కదా," అన్నాడు మోల్. "మీకు లెక్క సరిపోతుంది. వానలు తగ్గాక ఊరు అడవి అంచుకి వెళ్తుంది గదా, అప్పుడు రెండిళ్ళూ కలిపి కట్టేసుకుంటాం. కార్తీకంలో ముహూర్తం."

"మంచిదన్నా," అంది నిమోల్. బోనులోంచి ఒక మొసలి తల ఎత్తి చూసింది. ఆమె రెండు ఫారాల్లోనూ ఒకటేసి మనిషిని రాసి, ఒడ్డుకి చేరేదాకా అది తప్పో ఒప్పో ఆలోచిస్తూనే ఉంది.

నవంబరులో మళ్ళీ వెళ్ళేసరికి సరస్సు పదింతలయింది. మోకాలి లోతు కాలవ ఉన్నచోట తాడి చెట్టు లోతు నీళ్ళు. ఊరు దాదాపు రెండు మైళ్ళు జరిగి, మునిగిన చెట్ల అంచుకి చేరింది. ఏటా జరిగేదే. ఏటా చేరాక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వియ్యంకులు ఒకరి ఇంటికి ఒకరు తాళ్ళు వేసుకుని గుంపులుగా ఉంటారు. ఈసారి దూరం నుంచి చూస్తే ఊరు చిందరవందరగా ఉంది. ఒక పక్క అరవై ఇళ్ళ దాకా ఒకదానిమీద ఒకటి పడి తోసుకుంటున్నాయి. ఆరిళ్ళు మాత్రం, ఎవరో విసిరేసినట్టు, నీళ్ళ మధ్య విడివిడిగా ఉన్నాయి. ఒక్కో దాని మీద ఎర్రగుడ్డ కట్టిన గెడ.

"అదేంటి పిన్నీ, ఆ గుడ్డలు? ఎవరికైనా జబ్బా?"

రిన్ ఆమె వైపు ఒకసారి చూసి, పొయ్యి మీద కుండ మూత సర్దింది. "నీ జబ్బే తల్లీ. నువ్వు అంటించిందే."

దారిలో రిన్ చెప్పినదాంట్లో నిమోల్‌కి అర్థమైంది ఇదీ. యిమ్ తాత తన నోటు పుస్తకం ఊరి సభలో చదివాడు. ఆరిళ్ళూ పక్కపక్కన ఉండకూడదని ప్రభుత్వం ఆజ్ఞ. ఊరు కదిలినప్పుడు గాలికి కొట్టుకుపోయి ఏ రెండిళ్ళైనా దగ్గరకి చేరితే తన తల తీస్తారని ఆయన భయం. అందుకని గుర్తుకి గుడ్డలు, పొడుగాటి వెదుళ్ళు పట్టుకుని వంతులవారీగా కాపలా. ఇల్లు ఒకటి ఇటు జరిగితే వెదురుతో అటు నెట్టాలి.

"అయితే మిగతావాళ్ళు ఎందుకలా దూరంగా పోయారు?"

"నువ్వేగా చెప్పావు, ఎంచిన ఇంటి పక్కిల్లు ఎంచరని. ఈసారైనా బకెట్టు రావాలంటే ఎంచిన ఇంటికి పక్కిల్లు కాకుండా ఉండాలా, వద్దా? నాలుగో నంబరాయన మొదట తాడు విప్పాడు. ఆయన్ని చూసి అయిదో నంబరు. వారంలో అందరూ విప్పేసుకున్నారు." రిన్ నవ్వింది. "ఖెంగ్‌కి ఉప్పు అప్పడగడానికి మనిషి లేడు. ఉప్పుతో బతికే మనిషికి."

"మరి పెళ్ళి?"

"గురువారం ముహూర్తం. పెళ్ళిళ్ళు చేయించే ఆచార్ పెట్టాడు. ఊరి పెద్దాయన పెళ్ళి కాగితం మీద సంతకం చెయ్యనంటున్నాడు. పద్నాలుగు, ఇరవైమూడు. రెండూ నీ జాబితాలోవే."

ఆ రోజు సోమవారం.

ఖెంగ్ తన ఇంటి అరుగు మీద ఒంటరిగా నిలబడి ఉంది. ఊరికి ఈ చివర ఆమె ఇల్లు, ఆ చివర మోల్ ఇల్లు. తెడ్డు వేసుకుని పోతే అరగంట. నిమోల్ ఎక్కడానికి చెయ్యి చాపింది. ఖెంగ్ అందుకోలేదు.

"రావమ్మా, రా. కందకి లేని దురద కత్తిపీటకెందుకో చెప్పి మరీ ఎక్కు."

"అక్కా, నేను అన్నది కాగితం మీద..."

"మూడేళ్ళు ఆగాం. ఆయన వాళ్ళమ్మ పోయిందని ఒక ఏడాది, మొసళ్ళకి రోగమొచ్చిందని ఒక ఏడాది, వానల్లేవని ఒక ఏడాది. ఇప్పుడు నీ మెతుకులొచ్చాయి. అంచున ఒకటి, అడుగున ఒకటి." ఖెంగ్ అరుగు మీది జాడీ ఒకటి విసురుగా పక్కకి నెట్టింది. "మధ్యాహ్నం ఆయన తెడ్డేసుకుని వచ్చేసరికి అన్నం చల్లారిపోతోంది. అన్నం తిని తిరిగెళ్ళేసరికి మొసళ్ళు అరుస్తున్నాయి. పదిహేను రోజులుగా రావడమే మానేశాడు. రాసుకో. ఈ ఇంట్లో ఒకటే."

నిమోల్ రాయలేదు. ఫారం సంచిలో పెట్టేసి, వెళ్ళి యిమ్ తాత ఎదురుగా కూర్చుంది.

యిమ్ తాత ఇల్లు గుంపు మధ్యలో ఉంది. చుట్టూ ఇద్దరు తమ్ముళ్ళ ఇళ్ళు, ముగ్గురు అల్లుళ్ళ ఇళ్ళు. మనవలు ఇంట్లోంచి ఇంట్లోకి దూకుతూ ఉంటే నేల ఊగుతోంది.

"తాతా, ఆ రూలు ఇళ్ళకి కాదు. చీట్లు తీసేటప్పుడు మా ఆఫీసులో వాడుకునేది. ఇళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పడానికి మేమెవరం?"

"నేను అడిగాను కదమ్మా. ఉండకూడదన్నావు. సంతకం పెట్టావు."

"పొరపాటుగా అన్నాను. ఇప్పుడు ఉండొచ్చు అంటున్నాను."

"రాసివ్వు."

"రాసిస్తాను."

"ముద్ర వేసివ్వు."

నిమోల్ దగ్గర ముద్ర లేదు. యిమ్ తాత సానుభూతిగా తల ఊపాడు. "నీ మీద కోపం లేదమ్మా. నువ్వూ నాలాగే పై మాట వినే మనిషివి. మనలాంటివాళ్ళు సొంతంగా ఏదన్నా అంటే కొంపలు మునుగుతాయి."

ఫోను సిగ్నలు ఉండేది గుడి మెట్ల మీదే. గుడి స్తంభాల మీద నిలబడ్డ కట్టడం. ఆ ఋతువులో పై మూడు మెట్లే నీళ్ళ పైన ఉన్నాయి. నిమోల్ ఆఖరి మెట్టు మీద గోడకి అతుక్కుని నిలబడి, తన పై అధికారి కొసాల్‌కి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

"రూలు రద్దంటూ కాగితం నేనెలా ఇస్తాను?" అన్నాడు కొసాల్. "అలాంటి కాగితం నేనిచ్చానని పైన తెలిస్తే? పైగా నిజంగానే రెండో విడత పూర్తికాక ముందు ఎంచిన ఇళ్ళు రెండు పక్కపక్కకి వచ్చాయనుకో, దాన్ని ఏమని రాయాలో సర్వే మార్గదర్శి పుస్తకంలో లేదు. అది రాసినవాళ్ళు ఇళ్ళు కదులుతాయని అనుకోలేదు."

"మూడు రోజుల్లో పెళ్ళి సర్."

"పెళ్ళి వాయిదా వేసుకోమను."

"మీరొచ్చి చెప్పండి సర్, ఆవిడకి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇదుగో, పక్కిల్లు అంటే ఏమిటో ఉంది. మధ్యలో మరో ఇల్లు లేని రెండిళ్ళు. ఇల్లు అంటే ఏమిటో కూడా ఉంది. కప్పు, పొయ్యి, ముందటి రాత్రి అక్కడ పడుకున్న ఒక మనిషి. మూడూ ఉంటే ఇల్లు. అలాంటిది ఒకటి మధ్యలో ఉంటే అవి పక్కిళ్ళు కావు. నాకు మీటింగుంది."

నిమోల్ ఆ మాటలు పొల్లు పోకుండా రాసుకుని, గ్రామపెద్దకి చదివి వినిపించింది. ఆయన మూడుసార్లు చదివించుకున్నాడు. మార్గదర్శిలో ఎన్నో పేజీ అని అడిగి, పేజీ నంబరు కూడా రాసుకున్నాడు. అప్పుడు మొహం విచ్చుకుంది.

"మధ్యలో ఒక ఇల్లుంటే ఎంత దగ్గరైనా ఉండొచ్చు. అంతేనా?"

"అంతే. మీరే ఆలోచించి చెప్పండి తాతా, ఈసారి నేను ఏమీ అనను."

సాయంత్రం లోపు ఊరంతా అడిగి చూశారు. ఖెంగ్‌కీ మోల్‌కీ మధ్య తమ ఇల్లు తెచ్చి కట్టేసుకోవడానికి ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు. ఒక పక్కన ఎంచిన ఇల్లుంటేనే బకెట్టు రాదు, రెండు పక్కలా ఉంటే జన్మలో రాదని వాళ్ళ లెక్క. అప్పుడు అందరి కళ్ళూ రిన్ పడవ మీద పడ్డాయి. కప్పుంది. పొయ్యి ఉంది. పరుపుంది.

"నేనెందుకు నడుమ? నేను మీ ఊరిదాన్నే కాదు," అంది రిన్.

"ఊరిదై ఉండాలని రూల్లో లేదు," అన్నాడు యిమ్ తాత, పేజీ చూసి.

"రెండు రోజులే పిన్నీ," అంది నిమోల్.

"పదిహేడు మొసళ్ళ పక్కన రెండు రోజులు. పడుకునేది నువ్వు కాదుగా."

మోల్ జనం వెనక నుంచి ముందుకొచ్చాడు. "బోనుకి కొత్త కర్రలు వేశాను వదినా," అన్నాడు నేల చూస్తూ. "ఒక్కటీ బయటికి రాదు. నాకు... పదిహేను రోజులైంది అక్కడ అన్నం తిని."

రిన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "పెళ్ళి భోజనానికి నూడుల్స్ నా దగ్గరే కొనాలి. చెప్తున్నా."

మర్నాడు పొద్దున్నే రెండు మోటారు పడవలు ఆ చివర నుంచి మోల్ ఇంటిని లాక్కొచ్చాయి. ఇల్లు కదులుతుంటే కింద మొసళ్ళు నీళ్ళని తోకలతో కొట్టాయి. ఖెంగ్ అరుగుకి రిన్ పడవని ఒక పక్క, రిన్ పడవకి మోల్ అరుగుని రెండో పక్క కట్టారు. గ్రామపెద్ద వెదురు గెడతో కొలిచి చూసి, మధ్యలో ఇల్లు ఉన్నట్టు నోటు పుస్తకంలో రాసి, రిన్ చేత వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ రాత్రి ఆమె అక్కడ పడుకుంటేనే అది పూర్తి ఇల్లవుతుందనీ, అందాకా సగం ఇల్లనీ చెప్పాడు.

తీరా కట్టాక తెలిసింది, రిన్ పడవ అంత పూర్తిగా అడ్డం ఉండే ఇల్లు మరొకటి లేదని. ఖెంగ్ మోల్‌కి అన్నం గిన్నె అందించాలంటే రిన్ చేతి మీదుగా పోవాలి. పోయేటప్పుడు రిన్ రుచి చూడకుండా పోదు.

"ఉప్పెక్కువేశావే."

"ఆయనకి అలాగే ఇష్టం."

"అవునా మోల్?"

ఇంటి లోపల్నుంచి, "ఆఁ," అని.

"భయపడి అంటున్నాడు. ఇంకాస్త నిమ్మరసం పిండి పంపు." గిన్నె వెనక్కి వచ్చింది.

మోల్ తాంబూలం సామాను పంపితే రిన్ విప్పి చూసి, తమలపాకులు వాడిపోయాయని తిప్పి పంపింది. పెళ్ళికూతురి బట్టలు ఏ రంగో మోల్ అడిగితే, "అది నీకెందుకు, గురువారం చూస్తావుగా," అంది. నూడుల్స్ కోసం వచ్చిన పడవలవాళ్ళు ఇదంతా చూస్తూ రెండేసి గిన్నెలు తిన్నారు. సాయంత్రానికి ఖెంగ్ నిమోల్‌ని పిలిచి మెల్లిగా అంది: "చెల్లీ, అరగంట దూరమే నయం. అప్పుడు అన్నమొక్కటే చల్లారేది."

బుధవారం ఉదయం నిమోల్ రెండో విడత మొదలుపెట్టింది. మూడు, ముప్పై ఎనిమిది, యాభై ఒకటి, అరవై ఆరు ఇళ్ళు ముందు చూసుకుంది. ఆ తర్వాత ఖెంగ్ దగ్గర కూర్చుంది. వారానికి ఎన్ని చేపలు, ఏ వల, ఏ చోట. అంతా సవ్యంగా నడిచింది. చివర్న పొయ్యిల గడి వచ్చింది.

"పొయ్యిలెన్ని అక్కా?"

"రెండు."

"జూన్‌లో ఒకటే కదా?"

"మోల్ తన పొయ్యి నిన్న ఇచ్చేశాడు. పెళ్ళికానుక. కాపురంలో రెండు పొయ్యిలుంటే పోట్లాటలొస్తాయని వాళ్ళమ్మ అనేదట. అందుకని రెండూ నా దగ్గరే పెట్టాడు." ఖెంగ్ కొంచెం సిగ్గుపడింది. "రిన్ ఒప్పుకుని ఇటు పంపిందనుకో."

నిమోల్ ఆ గడిలో రెండు అని రాసి, కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత సంచిలోంచి తను రాసుకున్న కాగితం తీసి చదివింది. కప్పు, పొయ్యి, పడుకున్న మనిషి. లేచి, రిన్ పడవ దాటి, నీళ్ళవైపు చూడకుండా మోల్ ఇంట్లోకి వెళ్ళింది. మూలమూలలా చూసింది. పొయ్యి ఉన్నచోట గుండ్రటి నల్లమచ్చ మాత్రం ఉంది.

"అన్నా, ఇక్కడ ఇంకేమైనా పొయ్యి ఉందా? చిన్నదైనా?"

"లేదమ్మా."

"అయితే ఇది ఇల్లు కాదు," అంది నిమోల్.

మోల్ చుట్టూ చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు బతికిన చోటు. "మరేంటి?"

"మొసళ్ళ కొట్టం. మీరు ఖెంగక్క ఇంటి మనిషి. ఇరవైమూడో నంబరు ఇల్లు ఇప్పుడు లేదు. లేని ఇంటికి పక్కిల్లేమిటి?"

యిమ్ తాత వచ్చి నల్లమచ్చని వేలితో తాకి చూశాడు. కాగితం మళ్ళీ చదివించుకున్నాడు. ఇల్లు కానిదాన్ని ఎక్కడైనా కట్టుకోవచ్చునా అని అడిగితే, పందుల దొడ్డి ఎక్కడ కట్టుకుంటారో అక్కడ కట్టుకోవచ్చని నిమోల్ చెప్పింది. ఆయన పెళ్ళి కాగితం మీద సంతకం చేసేశాడు. తన ఇంటిని పందుల దొడ్డితో పోల్చినందుకు మోల్ ఏమీ అనుకోలేదు. అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని, మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఎవరూ అడగలేదు.

అయితే జాబితాలో ఆరిళ్ళకి ఒకటి తగ్గింది. దాని బదులు ఇంకొకటి ఎంచాలి. చీట్ల మాట వినగానే క్షణంలో నలభై పడవలు చేరాయి. నిమోల్ జాబితాలో లేని ఇళ్ళన్నిటికీ చీట్లు రాసింది. మిగిలిన అయిదు ఇళ్ళ పక్కన ఊరి ఇల్లేదీ లేదు కాబట్టి, ఊళ్ళో ప్రతి ఇల్లూ అర్హమే. ఆ పద్ధతి కనిపెట్టిన చదువుకున్నవాళ్ళు చూస్తే మురిసిపోయేంత అందంగా దొరికింది.

"నాకో చీటీ?" అంది రిన్. "రాత్రి ఇక్కడే పడుకున్నాను. పూర్తి ఇల్లునే."

"నువ్వు పద్నాలుగుకి పక్కిల్లు పిన్నీ. కుదరదు."

రిన్ వెళ్ళి రెండు పక్కల తాళ్ళూ విప్పేసింది. పడవ మధ్యలోంచి జారిపోయింది. ఖెంగ్ అరుగూ మోల్ అరుగూ ఒకదాన్నొకటి తాకి, టక్కుమన్నాయి.

నిమోల్ కళ్ళు మూసుకుని బకెట్లోంచి చీటీ తీసింది. తొమ్మిది.

తొమ్మిది యిమ్ తాత ఇల్లు.

యిమ్ తాత పెద్ద తమ్ముడు లేచి, తన పడవెక్కి, అన్న ఇంటికి వేసిన తాడు విప్పడం మొదలుపెట్టాడు. అన్న మాటంటే గౌరవం ఉన్న మనిషి. చిన్న తమ్ముడూ విప్పాడు. అల్లుళ్ళు ముగ్గురూ పెళ్ళాలతో సంప్రదించి విప్పారు. ఒక కూతురు ఎర్రగుడ్డ వెతకడానికి లోపలికెళ్ళింది. మనవలు రెండిళ్ళ మధ్య దూకబోయి, సందు పెరిగిందని ఆగి, తాతకేసి చూశారు. యిమ్ తాత ఇల్లు ఒంటరిగా, నిమ్మళంగా నీళ్ళ మీదకి జరగసాగింది.

"ఆగండి," అన్నాడాయన అరుగు మీద నుంచి.

ఎవరూ ఆగలేదు. వెదుళ్ళ కాపలావాళ్ళు అలవాటు ప్రకారం ఆ ఇంటిని ఇంకొంచెం నెట్టారు.

"ఆగండిరా. అది కాగితం మీద రూలు. ఇళ్ళకి కాదు."

"ముద్ర ఉందా అన్నయ్యా?" అని చిన్న తమ్ముడు నీళ్ళ మీద నుంచి అడిగాడు.

యిమ్ తాత లోపలికెళ్ళి, ఊరి ముద్ర, సిరా డబ్బా, నోటు పుస్తకం తెచ్చుకుని, అరుగు మీద గొంతుక్కూర్చుని, జూన్ నెల పేజీని అడ్డంగా కొట్టేసి దాని మీద ముద్ర వేశాడు. ఒకటి సరిపోదేమోనని మూడు వేశాడు. పుస్తకం పైకెత్తి నాలుగు వైపులా చూపించాడు. చీకటి పడే లోపు ఊరి తాళ్ళన్నీ మళ్ళీ ముడిపడ్డాయి. ఎవరు ఎవరి పక్కన అని రెండు చోట్ల కొట్లాటలు జరిగాయి. నాలుగో నంబరాయన వెళ్ళి సరిగ్గా మూడో నంబరు పక్కనే కట్టుకున్నాడు. వేరే ఎవరి పక్కనా ఆయనకి నిద్ర పట్టడం లేదట.

గురువారం పెళ్ళి జరిగింది. ఆచార్ ఇద్దరి మణికట్లకీ ఎర్రదారాలు కట్టాడు. ఊరంతా ఆ రెండు అరుగుల మీదికి ఎక్కేసరికి బరువుకి నీళ్ళు చెప్పుల దాకా వచ్చాయి. నిమోల్ జాకెట్ విప్పలేదు గానీ భోజనం చేసింది. రిన్ నూడుల్స్‌కి నిమ్మరసం ఇంకాస్త పడాల్సిందని ఖెంగ్ పదిమందిలో అంది.

వారం తర్వాత కొసాల్ బల్ల మీద ఫారాలు పరిచి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇరవైమూడో ఇల్లు ఏమైంది?"

"పెళ్ళయింది సర్."

"ఇంటికా?"

"ఆ ఇంటాయన పద్నాలుగో ఇంటికి వెళ్ళిపోయాడు. పొయ్యితో సహా."

కొసాల్ గోడకి తగిలించిన సంకేతాల పట్టిక చూశాడు. ఇల్లు కాలిపోతే ఒకటి, కొట్టుకుపోతే రెండు, తాళం వేసి ఉంటే మూడు, మనుషులు మాట్లాడకపోతే నాలుగు. "కొట్టుకుపోయింది అని రాద్దాం. నీళ్ళ మీద ఊరే కదా, ఎవరూ అడగరు."

"కొట్టుకుపోలేదు సర్. నేను చూశాను. గట్టిగా ఉంది."

"నిమోల్, రెండంకె వేస్తే సరిపోతుంది. మీటింగుంది నాకు."

ఆమె ఫారం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. కొసాల్ ఆమెని చూశాడు, గడియారం చూశాడు, పట్టిక దగ్గరికి నడిచి వెళ్ళి కలం తీశాడు. నాలుగు కింద అయిదు అని వేసి, ఏం రాయాలని అడిగాడు. ఆమె ఒక్కో మాటా చెప్తుంటే రాశాడు: ఇంటాయన పెళ్ళి చేసుకుని పొయ్యితో సహా వేరే ఇంటికి వెళ్ళిపోతే. పట్టిక కింద చోటు చాలక చివరి మాట గోడ మీదికి వెళ్ళింది.